గాజుపెట్టెలో కూర్మావతారము



చాలా రోజుల తరువాత వ్రాస్తున్న టపా ఇది. ఛందస్సో, వ్యాకరణమో, ప్రబంధ చర్చో ఉంటుందని వచ్చినవారు మన్నించాలి. ఈసారి తాబేలును గూర్చి వ్రాయవలసి వచ్చింది. నిజానికి తాబేలును గూర్చి కంటె, నా నోటి దురుసును గూర్చి అనుట న్యాయం.

గతమాసంలో మా సూర్యాపేటలోనే ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. గృహస్థు నా పూర్వవిద్యార్థి. సత్యనారాయణ వ్రతం ముగిసింది, తీర్థప్రసాదాలు అయినవి. ఇల్లు చూపిస్తూ అతడు నన్ను ముందుగదిలోని ఈశాన్యమూలకు తీసుకుపోయాడు. అక్కడ బల్లమీద ఒక గాజుపెట్టె. అడుగున రంగురాళ్ళు, వెనుక ప్లాస్టిక్ మొక్క, పైన నీలిదీపం. లోపల రూపాయి బిళ్ళకంటె కొంచెం పెద్దవైన రెండు తాబేటి పిల్లలు ముందుకాళ్ళతో గాజును గీరుతూ పైకి ఎగబ్రాకుతూ, జారుతూ, మళ్ళీ ఎగబ్రాకుతూ ఉన్నవి.

"ఎంత హుషారుగ ఆడుతున్నయో చూడున్రి సార్" అన్నాడు అతడు.

ఆట కాదది. బయటికి దారి వెదకుకొనుట. ఆ మాట నేను అనేలోపలే అతడు వినయంగా ఇంకొక మాట అన్నాడు: "మీరు చెప్పిందే సార్. కూర్మం ఇంట్ల ఉంటె శుభమని అప్పుడు మీరే అన్నరు గద. మీ ఇంట్ల చూసినంకనే నాకు మనసైంది."

విస్తరి ముందు కూర్చున్నాను గాని ముద్ద దిగలేదు. ఆ మాట నేను అన్నది నిజమే. అది తప్పు. ఎంతమందికి చేరిందో తెలియదు కనుక, పదిమంది చదివే ఈ చోట దానిని ఉపసంహరించుకొంటున్నాను.

2019లో నా మనుమని పుట్టినరోజుకు మా అబ్బాయి రెండు తాబేళ్ళు తెస్తానన్నాడు. మా కోడలు సందేహించి, "మామయ్యా, తాబేలు ఇంట్లో ఉండవచ్చునా?" అని నన్ను అడిగింది. తెలియదు అనుట సరియైన జవాబు. కాని ముప్పది ఏండ్లకు పైగా తరగతి గదిలో నిలబడి మాట్లాడినవానికి ఆ మాట సులభంగా నోట రాదు. క్షీరసాగర మథనం చెప్పాను, మునిగిపోతున్న మందరగిరిని వీపున మోసిన ఆదికూర్మమును చెప్పాను, శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రమును చెప్పాను, దేవాలయాలలో గర్భగృహం క్రింద కూర్మశిల నిలుపుతారని చెప్పాను. చెప్పి, "నిస్సందేహంగా శుభమే" అని తీర్పు ఇచ్చాను.

దుకాణంలో అమ్మినవాడు ఏమన్నాడు? "ఇవి ఇంతే ఉంటయి, పెరగవు. పూటకు నాలుగు గుళికలు వేస్తే చాలు. వారానికొకసారి నీళ్ళు మార్చున్రి." అతని అబద్ధమూ నా పాండిత్యమూ కలిసి రెండు ప్రాణులను మా ఇంటికి తెచ్చినవి. అతడు పొట్టకూటికి అబద్ధమాడాడు. నేను ఏ లాభమూ లేకుండా, కేవలం తెలిసినవాడను అనిపించుకొనుటకై పలికాను. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో మీరే చెప్పండి.

ఏడాది తిరగకుండా అందులో ఒకటి చచ్చిపోయింది. మొదట దాని డిప్ప మెత్తబడింది. వ్రేలితో తాకితే తడిసిన అట్టవలె లోనికి నొక్కుకుపోయేది. తరువాత కనురెప్పలు ఉబ్బి కళ్ళు మూతపడినవి. కళ్ళు కనబడక తిండి మానింది. ఒక ఉదయం నీటిమీద తేలింది.

ఎందుకట్లా అయినదో తరువాత చదివి తెలుసుకొన్నాను. పుస్తకాలు తిరగవేయుట ముందు చేయవలసిన పని. నేను వెనుక చేశాను. తాబేటి డిప్ప అది దూరి కూర్చునే ఇల్లు కాదు. దాని వెన్నెముకా ప్రక్కటెముకలూ విస్తరించి ఏర్పడిన శరీరభాగం. దానికి స్పర్శ ఉన్నది, నొప్పి ఉన్నది. ఆ ఎముక గట్టిపడుటకు సున్నపు ధాతువు, అనగా కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటబట్టుటకు డి విటమిన్ కావాలి. ఆ విటమిన్ తయారగుటకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు సూటిగా ఒంటికి తగలాలి. ఆ కిరణాలు కిటికీ అద్దంలోనుండి రావు, ట్యూబులైటులో ఉండవు, గాజుపెట్టె మీది నీలిదీపంలో అసలే ఉండవు. కనురెప్పలు ఉబ్బుటకు తరచు కారణం ఎ విటమిన్ లోపం. దుకాణపు గుళికలే నిత్యాహారమైన తాబేళ్ళకు వచ్చే జబ్బు అది.

ఇంకొక సంగతి. శాస్త్రరీత్యా తాబేలు ఉభయచరం కాదు, సరీసృపం. అయినా దానికి నీరూ కావాలి, నేలా కావాలి. ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. నీటినుండి బయటికి వచ్చి, ఎండలో డిప్ప ఆరబెట్టుకొని, ఒళ్ళు వెచ్చబరచుకొని మళ్ళీ నీటిలో దిగుట దాని దినచర్య. దాని నెత్తురు తనంత తాను వేడెక్కదు, సూర్యుడు వేడెక్కించాలి. అట్టి ప్రాణిని ఆరుటకు ఒక రాయియైనా లేని గాజు తొట్టిలో రాత్రింబవళ్ళు నాననిస్తే, అది బ్రతుకుట కాదు, చావు ఆలస్యమగుట.

ఇక పూర్వపక్షములను ఒక్కొక్కటిగా చూతము. ఇవన్నీ ఒకప్పుడు నేనే పలికినవి గనుక ఎవరినో నిందించినట్లు కాదు.

"కూర్మము విష్ణురూపము, ఇంట ఉండుట మంగళకరం" అన్నది మొదటిది. మన సంప్రదాయంలో గర్భగృహం క్రింద ఉంచే కూర్మం రాతిది, లోహపుది. సజీవమైన తాబేలును తొట్టిలో బంధించి ఈశాన్యంలో పెట్టుమని నేను చదివిన శిల్పగ్రంథం ఏదీ చెప్పలేదు. చైనావారి ఫెంగ్ షుయి నుండి వచ్చిన లోహపు తాబేలు, మన పురాణాలనుండి వచ్చిన కూర్మావతారం, దుకాణంవాని బేరం, ఈ మూడూ కలిసి కొత్త శాస్త్రం పుట్టింది. దానికి మావంటి పండితులు శ్లోకాల ముద్ర వేస్తున్నారు. పర్వతం మోసినవాడని కొలుస్తూ, కాళ్ళు చాపుకొనుటకు చోటు ఇవ్వకుండుట ఏమి భక్తి? శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ళను చూచినవారు ఉంటారు. అవి మెట్ట ప్రాణులు, నేలమీద తిరిగేవి. అది చూచి వచ్చి అట్టి తాబేలునే తెచ్చి నీటితొట్టిలో వేసేవారికి, అది ఈతరాక మునిగి చస్తుందన్న ఎరుక కూడా లేదు.

"పిల్లలకు జీవకారుణ్యం అలవడుతుంది" అన్నది రెండవది. ఉపాధ్యాయుని చేత గొప్పగా తల ఊపించే మాట ఇది. మా ఇంట జరిగినది చెప్తాను. మొదటి తాబేలు చచ్చిన నాడు మావాడు కాసేపు ఏడ్చాడు. సాయంత్రానికి వచ్చి, "తాతా, ఇంకొకటి కొందామా?" అన్నాడు. వాడు నేర్చినది కారుణ్యం కాదు. ప్రాణానికి ఒక ధర ఉన్నదని, ఆ ధర ఇస్తే పోయినదానికి బదులు దొరుకుతుందని నేర్చాడు. ఆ పాఠం వానికి చెప్పినది మేమే.

"చేపలను పెంచుట లేదా?" అన్నది మూడవది. చేపల సంగతి వేరుగా చర్చించవలసినదే. అయినా చేప నీటిలోనే పుట్టి నీటిలోనే ఊపిరి పీల్చేది. తాబేలుకు రెండు లోకాలు. గాజుపెట్టెలో ఒక లోకం లేదు, ఉన్న లోకమూ దాని మూత్రంతోనే మురిగిపోతుంది.

"దుకాణంలో ఉన్నదే కదా, కొంటే దానిని కాపాడినట్లే" అన్నది నాలుగవది. మనం ఒకటి కొని తెచ్చిన చోట మర్నాటికి ఇంకొకటి వచ్చి చేరుతుంది. కాపాడినది దుకాణాన్ని, తాబేలును కాదు.

ఒక్క పూర్వపక్షం మాత్రం గట్టిది. "అన్ని వసతులూ కల్పించి శ్రద్ధగా పెంచేవారి మాటేమిటి?" అట్టివారు ఉన్నారు. వారితో నాకు వాదం లేదు. కాని ఆ శ్రద్ధ వెల ఎంతో వినండి. మన దుకాణాలలో సాధారణంగా అమ్మేది అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతపు తాబేలు. పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనుక ఎర్రని చార ఉంటుంది గనుక ఆ పేరు, నిజానికి అది చెవి కాదు. నాణెమంత పిల్ల పెరిగి, ఆడుది అయితే దాదాపు అడుగు పొడవు డిప్ప గలదవుతుంది. ఇరువది, ముప్పది ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి బ్రతుకుతుంది. డిప్ప పొడవులో ప్రతి అంగుళానికీ సుమారు నలుబది లీటర్ల నీరు ఉండాలని పెంపకందారులు చెప్పే మోటు లెక్క. పది అంగుళాల తాబేలుకు నాలుగు వందల లీటర్లు! మగతోడు లేకున్నా ఆడుది గుడ్లు పెట్టవచ్చు. పెట్టుటకు మన్ను దొరకకపోతే గుడ్లు లోపలే చిక్కుకొని ప్రాణానికి వస్తుంది. జబ్బు చేస్తే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడు కావాలి. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో గేదెకు, గొర్రెకు మందు ఇచ్చేవారు ఉన్నారు. మా తాబేలును తీసుకుపోయిననాడు ఆ డాక్టరుగారు నిజాయితీగా "దీని సంగతి నాకు తెల్వది సార్" అన్నారు. ఆ మాట 2019లో నేను అని ఉంటే ఎంత బాగుండేది!

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. తాబేళ్ళు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని మోయగలవు. చిన్నపిల్లలు వాటిని ముద్దాడి జబ్బుపడుతున్నారని, నాలుగు అంగుళాలకన్న చిన్న డిప్ప గల తాబేళ్ళ అమ్మకాన్ని అమెరికా ప్రభుత్వం 1975లోనే నిషేధించింది. అమెరికాలోని మన మిత్రులకు ఇది తెలిసే ఉండవచ్చు. అక్కడ పసిపిల్లలకు అమ్మరాదన్న కొలత పిల్లనే ఇక్కడ పుట్టినరోజు కానుకగా ఇస్తున్నాము. మేమైతే ఆ తొట్టిని వంటింటి సింకులోనే కడిగాము.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండవ తాబేలు చావలేదు, పెరిగింది. అరచేతిని మించింది. నీళ్ళు మార్చిన మర్నాటికే వాసన. ఇంట్లో అందరికీ విసుగు. పిల్లవానికి దానిమీది ముచ్చట ఎప్పుడో తీరింది. 2022 వానాకాలంలో నేనే ఉపాయం చెప్పాను: "చెరువులో విడిచిపెడదాం, పుణ్యం." మళ్ళీ అదే నోరు!

తాతా మనుమలం బకెట్టు పట్టుకొని సద్దుల చెరువు కట్టకు పోయాము. నీటి అంచున వల సవరించుకొంటున్న ఒక పెద్దమనిషి బకెట్టులోకి తొంగిచూచాడు.

"ఏం ఇడుస్తున్నరు పంతులూ?"

"తాబేలు. ఇంట్లో ఉంచుట పాపమని."

అతడు దానిని ఎత్తి కంటి ప్రక్క ఎరుపు చూచాడు. "ఇది మన దిక్కుది గాదు. మన చెర్ల తాబేలు గిట్లుండదు." బకెట్టులో మళ్ళీ మెల్లగా దించి, కోపం లేకుండానే అన్నాడు: "మీ ఇంట్ల ఉంచలేనిది మా చెర్ల ఎందుకు ఇడుస్తరు?"

ఈ వయస్సులో నాకు చెప్పబడిన పాఠాలలో ఇంత చిన్నది, ఇంత పూర్ణమైనది వేరొకటి లేదు. బకెట్టుతో తిరిగి వచ్చాము.

ఆయన మాట ఎంత శాస్త్రీయమో తరువాత తెలిసింది. ప్రపంచంలో మిక్కిలి హాని చేసే వంద పరదేశ జీవుల పట్టికలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం వారు ఈ తాబేలును చేర్చారు. ఏది దొరికినా తింటుంది, తొందరగా పెరుగుతుంది, ఎండకాచుకొనే చోట్లనుండి స్థానికపు తాబేళ్ళను నెట్టివేస్తుంది, కొత్త రోగాలు తెస్తుంది. యూరప్ దేశాల కూటమి 1997లో దీని దిగుమతి ఆపింది. జపాను 2023 జూన్ నుండి దీని అమ్మకాన్నీ, బయట విడుచుటనూ నిషేధించి, ఉన్నవారు మాత్రం ఇంట పెంచుకొనుటకు అనుమతించింది. మన దేశంలో 2018లో కేరళలోని త్రిశ్శూరు వద్ద ఒక కాలువలో ఇది కనబడింది. గౌహతిలోని ఉగ్రతార ఆలయపు కోనేటిలోనూ చేరింది. ఆలయపు కోనేరులోకి ఇది నడిచి రాలేదు. ఎవరో తెచ్చి వదలినదే, బహుశః నావలెనే పుణ్యమనుకొని.

మన ప్రాంతం సంగతి ఆలోచించండి. ఒక ప్రక్క మూసీ, ఒక ప్రక్క కృష్ణ, నడుమ సాగర్ ఎడమకాలువ, దాని పిల్లకాలువలు, కాకతీయుల కాలంనాటి పిల్లలమర్రి మొదలుగా ఊరూరా చెరువులు. వాడపల్లి సంగమంలోనో, మట్టపల్లి రేవులోనో ఒకరు పుణ్యమని వదలినది అక్కడే ఆగదు. ఈ నీళ్ళలో మనదైన తాబేలు ఉన్నది. వెనుకకాళ్ళను చర్మపు మడతలతో మూసుకొనేది, ఎండాకాలం చెరువు ఎండితే బురదలో దూరి వానకై వేచి ఉండేది. నత్తలను, పురుగులను, కుళ్ళిన కళేబరాలను తిని నీటిని శుభ్రపరచేది. వరిపొలాలలో నాగలికి తగిలితే రైతు ప్రక్కకు తీసి కాలువలో వేసేవాడు. ఇప్పుడు కొందరు దానినే పట్టి తెచ్చి బేసినులో పెడుతున్నారు. అది నేరమని చాలామందికి తెలియదు. ఈ చెరువు తాబేలు, నక్షత్ర తాబేలు రెండూ నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నవి. పట్టినా, అమ్మినా, ఇంట ఉంచుకొన్నా మూడు ఏండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తక్కువ కాని జరిమానా. నక్షత్ర తాబేలు వ్యాపారాన్ని 2019లో అంతర్జాతీయ ఒప్పందం కూడా కట్టడి చేసింది. దేశంలో ఒక్క సేకరణ కేంద్రంనుండే ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళు దొంగరవాణాకు పోయినవని 2015లో పరిశోధకులు వెల్లడించారు. అవి ఎవరికోసం? మనవంటివారి ముందుగదుల కోసం.

స్వదేశపు తాబేలుకు చట్టం అండ ఉన్నది గనుక, దుకాణాలలో పరదేశపు తాబేలు బాహాటంగా నిలిచింది. హాని చేసే పరదేశ జీవుల దిగుమతిని, అమ్మకాన్ని నియంత్రించే అధికారం 2022 సవరణ ద్వారా కేంద్రప్రభుత్వానికి వచ్చింది. ఆ అధికారాన్ని ఈ తాబేలు విషయంలో జపాను తీరున వాడాలని నా కోరిక. ఉన్నవారిని శిక్షించవద్దు, కొత్తగా అమ్మనివ్వవద్దు.

నేను చాలా ఏండ్లు చిన్నయసూరిగారి నీతిచంద్రికలోని మిత్రలాభం పాఠం చెప్పాను. అందులో మంథరకమనే కూర్మం స్నేహంకొద్దీ తన మడుగు విడిచి వచ్చి వేటగాని చేత చిక్కుతుంది. ఎలుక, కాకి, లేడి ఉపాయం పన్ని దానిని విడిపించి మళ్ళీ నీటికి చేరుస్తాయి. ఎందరో పిల్లలచేత ఆ కథ అప్పజెప్పించుకొన్నాను. ఆ కథలో నా పాత్ర ఎలుకది కాదు, కాకిది కాదు, వేటగానిది అని తెలియుటకు ఒక తాబేలు చావవలసి వచ్చింది.

రెండవది ఇప్పుడు మా డాబామీద సిమెంటు తొట్టిలో ఉన్నది. సగం ఎండ, సగం నీడ. ఎక్కి కూర్చొనుటకు ఒక బండ, ప్రక్కన ఇసుక. ఆకుకూరలు, నాచు, అప్పుడప్పుడు చిన్నచేపలు. దానికి ఆరేండ్లు, నాకు అరువది ఏడు. లెక్క కట్టి చూడండి. నా తరువాత కూడా అది ఉంటుంది. ప్రతి ఉదయం నీళ్ళు మారుస్తూ, నా తరువాత ఈ బకెట్టు ఎవరు పడతారని ఆలోచిస్తాను. మనుమడు ఇప్పుడు పెద్దవాడై నాతో పైకి వస్తున్నాడు. వానిమీద ఇంత బరువు పెట్టుటకు నాకేమి హక్కు? పుట్టినరోజు కానుక అని మేము ఇచ్చినది ముప్పది ఏండ్ల బాధ్యత.

గృహప్రవేశం జరిగిన మర్నాడు ఆ శిష్యుని ఇంటికి మళ్ళీ వెళ్ళి, నేను చెప్పినది తప్పని చెప్పాను. అతడు నొచ్చుకోలేదు. "మరి ఇప్పుడేం చెయ్యాలె సార్?" అని అడిగాడు. అతనికి చెప్పినదే మీకూ చెప్తున్నాను. లేనివారు కొనకండి, కానుకగా ఇవ్వకండి. ఉన్నవారు చెరువులో, కాలువలో, కోనేటిలో వదలకండి. గాజుపెట్టె తీసి పెద్ద తొట్టి పెట్టండి, సూటిగా ఎండ తగలనివ్వండి, నీడా ఉంచండి, ఎక్కి ఆరుటకు చోటు చేయండి, ముట్టుకొన్న తరువాత చేతులు సబ్బుతో కడుగుకోండి. ఇంట ఉన్నది మన చెరువు తాబేలో, నక్షత్ర తాబేలో అయితే అటవీశాఖవారికి అప్పగించండి. నావంటి పండితులకు ఒక్క మనవి: తెలియని ప్రాణిని గూర్చి అడిగినప్పుడు పురాణం విప్పకండి, తెలియదు అనండి.

మన పెద్దలు ఒక మాట చెప్తారు. పక్షి తన పిల్లలను తాకి పెంచుతుంది, చేప చూచి పెంచుతుంది, తాబేలు మాత్రం దూరాన ఉండి కేవలం తలచుకొని పెంచుతుందట. గుడ్లు ఒడ్డున పెట్టి నీటికి మరలిపోయే తల్లిని చూచి కల్పించిన భావన కావచ్చు. గురుకృపను చెప్పుటకు ఈ పోలిక వాడతారు. తాబేలును ప్రేమించేవారు దాని దగ్గరే ఆ పద్ధతి నేర్చుకొనవచ్చు. తాకవద్దు, గాజులోనుండి చూడవద్దు. చెరువులో అది ఉన్నదని తలచుకొంటే చాలు.

మీ ఇళ్ళలో గాజుపెట్టెలు ఉన్నవారు, నాతో విభేదించేవారు తప్పక వ్యాఖ్య వ్రాయండి. నా తప్పులు చెప్పించుకొనుట ఈమధ్యనే అలవాటైంది.

స్వస్తి.